పారేసిన మొదటి జానెడు

నా కుర్చీలో ఇప్పుడు ఎవరు కూర్చుంటున్నారో నాకు తెలియదు. రిటైరై మూడేళ్లు కావస్తోంది. పోయిన వారం దాకా తెలుసుకోవాలని కూడా అనిపించలేదు. ఈ వారం అవసరం పడి ల్యాబ్‌కి ఫోన్ చేస్తే ఎవరో అమ్మాయి ఎత్తి, "కౌన్ రాజేశ్‌భాయ్?" అంది. ముప్పై నాలుగేళ్లు ఒకే గదిలో పనిచేసిన మనిషి గురించి అలా అడిగితే మొదట కోపం వచ్చింది. తర్వాత ఆలోచిస్తే ఆమె తప్పేమీ కనిపించలేదు. మా పనిలో మనిషి కనిపించడు, చేసిన పని మాత్రమే పైకి వెళ్తుంది.

సూరత్‌లో మన తెలుగు మగ్గాల వాళ్ల పిల్లలు ఈమధ్య ల్యాబ్ కోర్సుల్లో బాగానే చేరుతున్నారు. సంతోషమే. వాళ్ల కోసమూ, నా కుర్చీలో ఉన్న వాళ్ల కోసమూ ఇది రాస్తున్నాను. ప్రమోషన్లు, సీనియారిటీ తగాదాలు ఇందులో ఉండవు. అవి నాకే గుర్తు లేవు. గుర్తున్నవి రెండు మూడు ముక్కలు, ఒక మనిషి.

నేలమాళిగలో

నా అసలు పేరు రాజేశం. చివరి సున్నా గుజరాతీ నాలుకకు తిరగక రాజేశ్‌భాయ్‌ని అయ్యాను. ఆసుపత్రి కింది అంతస్తులో, కిటికీ లేని గదిలో నా బల్ల ఉండేది. పైన డాక్టర్లు రోగి ఒంట్లోంచి తీసిన ముక్కలు నా దగ్గరికి సీసాల్లో వచ్చేవి. వాటిని కరిగిన మైనంలో పోసి దిమ్మ చేయాలి. దాన్ని బ్లాక్ అంటాం. ఆ బ్లాక్‌ని మైక్రోటోమ్ అనే మిషన్‌కు బిగించి చక్రం తిప్పితే, ఉల్లిపొర కంటే ఎన్నో రెట్లు పల్చటి పొరలు ఒకదానికొకటి అంటుకుని రిబ్బన్‌లా బయటికొస్తాయి. వాటిని గోరువెచ్చని నీళ్ల మీద తేల్చి, గాజు పలక మీదికి ఎత్తుకుని, రంగు వేసి డాక్టరుకు పంపాలి. డాక్టరు మైక్రోస్కోపులో చూసి క్యాన్సరా కాదా చెప్తారు. ఆ రిపోర్టు మీద డాక్టరు సంతకం ఉంటుంది. ఉండాల్సిందే, అందులో నాకు పేచీ లేదు.

ఇది ఒంటరి పని. డాక్టర్లతో గుజరాతీ, మిగతావాళ్లతో హిందీ మాట్లాడేవాణ్ణి. తెలుగులో మాట్లాడింది మిషన్‌తోనే. బ్లేడు మొండికేస్తే దాన్ని మా కరీంనగర్ భాషలో కడుపునిండా తిట్టేవాణ్ణి. సాయంత్రం ఇంటికెళ్తే మా ఆవిడ, "ఇయ్యాల ఏం జేసినవ్?" అనేది. "కోసిన" అనేవాణ్ణి. "ఏం కోసినవ్?" "మైనం." అంతటితో అయిపోయేది. ఆమె పోయి ఆరేళ్లయింది. ఆ రెండు ప్రశ్నలు అడిగే మనిషి ఇప్పుడు లేదు. ఇంకాస్త వివరంగా జవాబు చెప్పి ఉండాల్సిందని ఇప్పుడనిపిస్తుంది.

ముక్క పాడయ్యేది ఎక్కడ

కోర్సులో మీకు మిషన్ నేర్పుతారు. ముక్క మాత్రం మిషన్ దగ్గరికి రాకముందే సగం పాడవుతుంది. చిన్న నర్సింగ్ హోముల నుంచి తడి గుడ్డలో చుట్టి పంపేవాళ్లు. ఉప్పునీళ్లలో వేసి పంపేవాళ్లు. ముక్క కుళ్లకుండా ఫార్మలిన్ పోయమని బతిమాలితే, వాసన అని విసుక్కునేవాళ్లు.

ఒకసారి దీపావళి ముందు రోజు ఒక ఆడమనిషి రొమ్ములో తీసిన పెద్ద గడ్డ వచ్చింది. సూరత్‌లో దీపావళి అంటే మీకు తెలుసు కదా, ఐదో రోజు లాభపంచమి దాకా ఊరు ఊరంతా తాళమే. డబ్బా నిండా ఫార్మలిన్ పోసి మూత పెట్టి నేనూ పండక్కి వెళ్లిపోయాను. తిరిగొచ్చి కోస్తే పైన గట్టిగా ఉంది, లోపల మెత్తబడి కుళ్లిపోయింది. ఫార్మలిన్ అంత లోపలికి తనంతట తాను వెళ్లదు. వచ్చిన రోజే గడ్డను పలకలుగా కోసి ఉంచాలి. పది నిమిషాల పని. నేను చేయలేదు.

అప్పటి మా పెద్ద డాక్టరు దేశాయి గారు అరవలేదు. డబ్బా మూత తీసి నా ముందు పెట్టి, "పద్దెనిమిది నిమిషాలు వాసన చూడు" అని గడియారం చూస్తూ నిలబడ్డారు. పద్దెనిమిదే ఎందుకో ఇప్పటికీ తెలియదు. ఆ పాఠం వరకు మంచి గురువు. ఆయన్ను గురించి ఇంకో మాట కూడా చెప్పాలి. ఆయన కంటిని నమ్మే కాలం మనిషి. స్లయిడు అందంగా ఉంటే చాలు, మురిసిపోయేవారు. "రాజేశ్ స్లయిడులో ఒక్క పోగు తెగదు" అని అందరి ముందూ అనేవారు. ఆ మెప్పు నా తలకెక్కింది.

మా నాన్న నేర్పిన అలవాటు

మా నాన్న ఊరి చివర పాండేసరాలో పవర్లూమ్ మీద పనిచేశాడు. చిన్నప్పుడు అన్నం డబ్బా ఇవ్వడానికి వెళ్లి అక్కడే కూర్చునేవాణ్ణి. కొత్త పోగు ఎక్కించి మగ్గం మొదలుపెట్టినప్పుడు ముందుగా వచ్చే గుడ్డ సరిగా ఉండదు. ముడులుంటాయి, నేత వంకర పోతుంది. నాన్న ఆ ముక్క కత్తిరించి చిందీ మూటలో, అంటే పనికిరాని పీలికల్లో, పడేసేవాడు. "మొదటి జానెడు బట్ట గాదు బిడ్డా, చిందీ. నేత కుదిరినంక వచ్చేదే బట్ట" అనేవాడు.

నేను ల్యాబ్‌లో అదే చేశాను. బ్లాక్ బిగించగానే చక్రం గబగబా తిప్పేవాణ్ణి. మొదట వచ్చే రిబ్బన్లలో ముక్క పూర్తిగా కనిపించదు, అంచు మాత్రమే తగులుతుంది. అవి కింద డబ్బాలోకి పోయేవి. ముక్క మొత్తం ఒకే మట్టానికి వచ్చి నిండుగా కనిపించాకే స్లయిడు మీదికి ఎత్తేవాణ్ణి. పెద్ద గడ్డలకు దీనితో నష్టం లేదు. దేశాయి గారి మెప్పు కూడా ఇందుకే.

తర్వాత కాలం మారింది. క్యాన్సర్ పేరు చెప్తే సరిపోవడం లేదు. ఆ కణాల్లో ఏ జన్యువు చెడిందో కూడా చూడాలి. కొందరికి ఆ చెడిన జన్యువుకు సరిపోయే మాత్ర ఉంటుంది. ఉంటే రోజూ ఇంట్లో వేసుకుని పనికి కూడా పోవచ్చు. ఆ పరీక్షకు కన్ను చాలదు, కణాలు కావాలి. ముక్కలో కణాలు మిగిలి ఉంటేనే పరీక్ష. ముక్కలేమో చిన్నవైపోయాయి. సూదితో తీసినవి సేమియా పోగంత ఉంటాయి. దేశాయి గారి తర్వాత వచ్చిన హేతల్ మేడమ్ ఈ మాట నాకు రెండుసార్లు చెప్పింది. తల ఊపాను. చెయ్యి మాత్రం పాత చెయ్యే.

మల్లేశం

ఒక రోజు పై అంతస్తు నుంచి పిలుపొచ్చింది. రోగికి హిందీ సరిగా రావడం లేదు, తెలుగులో చెప్పమన్నారు. అంతకుముందు ఎప్పుడూ నన్ను అలా పిలవలేదు. నలభై ఏళ్ల మనిషి, ఎముకల గూడులా ఉన్నాడు. పేరు మల్లేశం. జగిత్యాల వైపు పల్లె. ఇక్కడ వడోద్‌లో గది, పాండేసరాలో మగ్గం. ఊపిరితిత్తిలో గడ్డ. బీడీ ముట్టని మనిషి. పక్కన భార్య లచ్చవ్వ కొంగు నోటికడ్డం పెట్టుకుని నిలబడింది.

నేను నోరు తెరవగానే అతని ముఖం మారిపోయింది. "అన్నా, మనోళ్లేనా? అమ్మయ్య! పొద్దుగాల సంది ఏందేందో చెప్తున్నరు, ఒక్క ముక్క సమజైతలేదు" అన్నాడు. అన్నా అని ఆ భవనంలో నన్ను పిలిచింది అతనొక్కడే.

సూది గురించి చెప్పాను. వీపులోంచి పోతుంది, చెప్పినప్పుడు ఊపిరి బిగబట్టాలి, కదలొద్దు, దగ్గొద్దు. "దగ్గస్తే?" అన్నాడు. "జర ఆపుకో" అన్నాను. డాక్టరు నాకూ ఎక్స్‌రే తగలకుండా సీసం కోటు తొడిగించి పక్కన నిలబెట్టాడు. మొదటి రెండుసార్లు బాగానే ఆపాడు. మూడోసారి సూది దిగుతుంటే దగ్గాడు. డాక్టరు "అరె!" అన్నాడు, అంతే. మూడు పోగులూ సీసాలో పడ్డాయి. బాగానే ఉన్నాయి. నా కళ్లతో చూశాను.

మర్నాడు ఆ సీసా నా బల్ల మీదికి వచ్చింది. మూడు పోగుల్నీ కలిపి ఒకే దిమ్మలో పోశాను. అది మొదటి తప్పు. మూడూ ఒకే మట్టంలో లేవు. ఒకటి పైకుంది, రెండు లోపలికున్నాయి. స్లయిడు మీద మూడూ కనిపించాలని చక్రం తిప్పాను. మన ఊరి వాడి ముక్క కదా, అందంగా రావాలనుకున్నాను. మూడూ ఒక్కసారి కనిపించేసరికి పైనున్నది దాదాపు అయిపోయింది. చాలా చక్కటి స్లయిడు వచ్చింది. తర్వాత క్యాన్సర్ రకం తేల్చడానికి మేడమ్ మరికొన్ని రంగులు అడిగింది. ప్రతిసారీ బ్లాక్‌ను మళ్లీ బిగించి, మళ్లీ మట్టం చేసి, మళ్లీ కొంత డబ్బాలో పోశాను. చివరికి జన్యు పరీక్షకు బయటి ల్యాబ్‌కి బ్లాక్ పంపితే, కణాలు లేవు, మైనమే మిగిలిందని జవాబొచ్చింది.

నానుజ్ హతు

ఆ కాగితం పట్టుకుని మేడమ్ నా గదికి దిగి వచ్చింది. "రాజేశ్‌భాయ్, ముక్క ఎంతొచ్చింది అసలు?"

"నానుజ్ హతు" అన్నాను. చిన్నదే ఉండింది అని. రెండే మాటలు. ముప్పై ఏళ్ల మెప్పు ఆ రెండు మాటల వెనక దాక్కుంది.

మేడమ్ నమ్మింది. సూదితో తీసింది చాలలేదని పైకి రాసింది. పై డాక్టరు మల్లేశాన్ని పిలిపించి మళ్లీ తీయాలన్నాడు. దుబాసీని మళ్లీ నేనే. చెప్పాను. మల్లేశం, "నేను దగ్గిన గదన్నా. గందుకే ఖరాబయిందా?" అన్నాడు.

కాదని చెప్పడానికి అర నిమిషం చాలు. "గదేం లేదు, ముక్క చిన్నగొచ్చింది" అన్నాను. ముక్క ఎందుకు చిన్నగా వస్తుంది, దగ్గితేనే కదా అని అతను లెక్కేసుకున్నాడు. తల ఊపి, "నాదే తప్పు" అన్నాడు. లచ్చవ్వ అతని వైపు కోపంగా చూసింది. ఆ చూపు నా మీద పడాల్సింది. అది నాకు తెలుసు. అయినా ఊరుకున్నాను.

ఇచ్చిన తారీఖుకు అతను రాలేదు. ఒక వారం పోయింది, రెండు పోయాయి. రోజూ పేర్ల చీటీ చూసేవాణ్ణి. ఊరెళ్లిపోయాడేమో అని ఒకసారి, ఊరెళ్తే బాగుండు అని ఇంకోసారి అనిపించేది. రెండోది అనిపించినందుకు నన్ను నేను అసహ్యించుకున్నాను. ఎవరికైనా చెప్పుకుందామంటే ఎవరున్నారు? ఒక ఆదివారం హజీరా నుంచి మా అమ్మాయి వచ్చి, "అట్లున్నవేంది నాయినా?" అంటే బీపీ అన్నాను.

వడోద్‌లో

మూడో ఆదివారం ఫైల్లోని చిరునామా పట్టుకుని వెళ్లాను. వరస గదులు. తలుపు తెరిచే ఉంది. మల్లేశం గడపలో గోడకు వీపు ఆనించి, కళ్లు మూసుకుని, బుగ్గలు బిగించి కూర్చున్నాడు. పక్కన లచ్చవ్వ కూరగాయలు తరుగుతూ లెక్కపెడుతోంది. "ముప్పై ఆరు, ముప్పై ఏడు, ముప్పై ఎనిమిది..." అక్కడ అతను ఒక్కసారిగా దగ్గాడు. కళ్లలో నీళ్లొచ్చేదాకా దగ్గాడు.

నన్ను చూసి లేవబోయాడు. "రా అన్నా, కూసో. ఏమనుకోకు, రాలేకపోయిన. ఊపిరి బిగవట్టుడు నేర్సుకుంటున్న. నూరు దాంక ఆగినంక వస్త. మల్ల దగ్గి ఖరాబ్ జేస్తే ఎట్ల? డాక్టర్లకు నెత్తినొప్పి."

లచ్చవ్వ అంది: "పొద్దున మూడు సార్లు, మాపు మూడు సార్లు. మొదట ఇరవైకే ఆగకపోవు. గిప్పుడు జర నయం."

నాకు తల కొట్టేసినట్టయింది. ఆ జబ్బు ఊపిరితో, దినం దినం పోతున్న ఊపిరితో, నా తప్పు దిద్దడానికి కసరత్తు చేస్తున్నాడు.

"మల్లేశం, దగ్గు గాదు. మూడు ముక్కలూ మంచిగనే వచ్చినయి. నేను కోసుడు తప్పు కోసిన. అంత డబ్బల వోసిన. తప్పు నాది" అన్నాను.

వాళ్లకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. మైనం, మిషన్ అంతా చెప్పాను. మా నాన్న మొదటి జానెడు గురించి కూడా చెప్పాను. మగ్గం మనిషి కదా, అది చెప్పగానే పట్టుకున్నాడు. "అంటే నా ముక్కను చిందీ జేసినవ్" అన్నాడు. అవునన్నాను.

"గది గా దినమే చెప్తే అయిపోవు గద" అన్నాడు. గొంతు పెంచలేదు. "ఇరవై దినాల సంది నన్ను నేను తిట్టుకుంట కూసున్న. ఇదేమో దినాం నన్ను తిడుతుండె."

లచ్చవ్వ లేచి లోపలికెళ్లింది. పొయ్యి మీద చాయ్ మరుగుతోంది. దాన్ని దించిన చప్పుడు వినిపించింది. చాయ్ బయటికి రాలేదు. కాసేపు కూర్చుని లేచాను. మల్లేశం గడపలోంచే చూశాడు, మళ్లీ రమ్మనలేదు.

సోమవారం పొద్దున్నే మేడమ్‌కు చెప్పాను. "ముక్క పోవడం నేను అర్థం చేసుకోగలను రాజేశ్‌భాయ్. ఆ రెండు మాటల మీద నేను సంతకం పెట్టాను" అంది. మల్లేశం స్లయిడ్ల మీదున్న కణాలనే గీకి పంపించి చూసింది. చాలలేదు. ఆ వారమే అతను రెండోసారి సూదికి వచ్చాడు. ఈసారి తెలుగు చెప్పడానికి నన్ను పిలవలేదు. వడోద్ నుంచి హిందీ వచ్చిన పక్కింటాయనను తెచ్చుకున్నాడు.

ముక్కలు మాత్రం నా దగ్గరికే వచ్చాయి. ఒక్కో పోగును ఒక్కో బ్లాక్‌లో పోశాను. చక్రాన్ని వేలితో తిప్పాను. మొదట తగిలిన అంచును కూడా స్లయిడు మీదికి ఎత్తాను. రంగులకు, జన్యు పరీక్షకు కావలసిన స్లయిడ్లన్నీ ఒకే బిగింపులో కోసి పక్కన పెట్టాను. వంకర టింకరగా వచ్చాయి. దేశాయి గారు చూస్తే ముఖం చిట్లించేవారు. జన్యువు దొరికింది. దానికి మాత్ర ఉంది. మూడు నెలల్లో మల్లేశం మళ్లీ మగ్గం ఎక్కాడని తెలిసింది.

తర్వాత అతన్ని కారిడార్‌లో రెండుసార్లు చూశాను. ఒళ్లు చేశాడు. చేతులు జోడించి, "నమస్తే సారు" అన్నాడు. అన్నా పోయింది. అడిగి తెచ్చుకునే మాట కాదు అది. రిటైరయ్యే రోజు పూలదండ వేశారు, చప్పట్లు కొట్టారు. అతను ఆ రోజు మందుల కోసం పైకే వచ్చాడట. కిందికి రాలేదు.

గురువారం

పోయిన శనివారం డుమస్‌లో సముద్రం వైపు చూస్తూ ఒక్కణ్ణే కూర్చున్నాను. వారం వారం వెళ్తాను, భజియా తింటాను, వచ్చేస్తాను. ఫోన్ మోగింది. కొత్త నంబరు.

"సారూ, నేను మల్లేశాన్ని. మాత్ర గిప్పుడు పని జేస్తలేదట. జన్యువు మల్ల మారిందేమో చూడాలె, మల్ల ముక్క దియ్యాలె అంటున్నరు. వచ్చే గురువారం. నీ కుర్సీల ఇప్పుడు ఎవరున్నరు సారూ? మంచోళ్లేనా?"

నాకు తెలియదని చెప్పడానికి సిగ్గేసింది. కనుక్కుంటానన్నాను. హేతల్ మేడమ్ కూడా ఊరు మారిపోయింది. అందుకే ల్యాబ్‌కి ఫోన్ చేశాను. ఆ అమ్మాయి నేనెవరని అడిగింది. మిషన్ మీద ఎవరుంటారని నేనడిగితే, కొత్తవాళ్లు అని పెట్టేసింది. అందుకే ఇది రాశాను. మా అమ్మాయి దీన్ని గుజరాతీలోకి మార్చి బుధవారం లోపల ల్యాబ్‌లో తన చేతులతో ఇచ్చి వస్తానంది.

కాబట్టి కొత్తవారూ, శుక్రవారం మీ బల్ల మీదికి ఊపిరితిత్తి ముక్కలు వస్తాయి. పోగుకొక బ్లాక్ పోయండి. చక్రం మెల్లగా తిప్పండి. మొదటి రిబ్బన్‌ను పారేయకండి. స్లయిడు అందంగా రాకపోతే రాకపోనీయండి. పొరపాటు జరిగితే ఆ రోజే చెప్పండి. మూడు వారాలు ఆగి నేను చెప్పిన నిజం ఏమైందో కూడా మీకు తెలియాలి.

ఫోన్ పెట్టేసే ముందు మల్లేశం ఇంకో మాట అన్నాడు. నన్ను ఊరడించాలనే అన్నాడు పాపం.

"నువ్వేం ఫికర్ జెయ్యకు సారూ. ఈసారి దగ్గ. ఊపిరి బిగవట్టుడు నాలుగేండ్ల సంది ఇడిసిపెట్టలే. తొంభై దాంక ఆగుతున్న."